డ్రిల్లు మాస్టరు హోల్గర్ నీల్సన్

మన ప్రాంతంలోని పాత విద్యుత్ ఉపకేంద్రాలలోను, మిల్లులలోను స్విచ్చిబోర్డుకు దగ్గరగా గోడమీద ఒక పటం వ్రేలాడుతూ ఉండేది. కరెంటు తగిలి పడిపోయినవానికి ఊపిరి పోయడం ఎట్లాగో బొమ్మలతో తెలిపే పటం అది. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలు అటువంటి సూచనలను ఇంగ్లీషులోనో హిందీలోనో, దానితోపాటు స్థానిక భాషలోను అందరికీ కనబడేటట్లు ఉంచితీరాలని శాసించినాయి. అటువంటి పటాలలో కొన్నింట ఒక మనిషి తన చేతులమీద చెంప ఆనించి బోర్లా పడి ఉంటాడు. మరొకడు అతని తలవైపు మోకరిల్లి, వీపుమీద అరచేతులు మోపి నొక్కుతాడు; తరువాత మోచేతులు పట్టుకొని పైకెత్తుతాడు. 1950 లలోను, 60 లలోను స్కౌటు శిబిరాలలోనో, ప్రథమ చికిత్స తరగతులలోనో శిక్షణ పొందిన ఉపాధ్యాయులకు ఈ పద్ధతి పేరు కంఠస్థంగా ఉండేది. అది హోల్గర్ నీల్సన్ పద్ధతి.

ఆ పేరు చదివినవారు ఆయన ఏ యూరపు వైద్యశాలలోనో పెద్ద డాక్టరై ఉంటాడని అనుకోవడం సహజం. కాని నీల్సన్ వైద్యుడు కాడు. డెన్మార్కు సైన్యంలో ఉద్యోగి; ఒక పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడు; మన బడులలో వాడుక మాటలో చెప్పాలంటే డ్రిల్లు మాస్టరు. ఊపిరి పోసే పద్ధతికి చాల సంవత్సరాలకు పూర్వమే ఆయన మరొక పని చేసినాడు. నేడు ఒలింపిక్ క్రీడలలో హాండ్‌బాల్ అనే పేరుతో ఆడుతున్న ఆటకు నియమాలు ఏర్పరచి, పుస్తకంగా అచ్చువేయించినాడు. ఒక పనికి ఆయన పేరు నిలిచింది, రెండవదానికి నిలువలేదు. కాలం ఈ రెండింటి విషయంలోను చేసిన తీర్పు మాత్రం తలక్రిందులుగా ఉన్నది.

హోల్గర్ లూయీ నీల్సన్ 1866 డిసెంబరు 18న కోపెన్‌హేగన్ నగరంలో పుట్టినాడు. డెన్మార్కు అప్పటికి గాయపడిన దేశం. అంతకు రెండేండ్ల క్రితమే, 1864 యుద్ధంలో, ప్రష్యా ఆస్ట్రియాల చేతిలో ఓడి ష్లేస్విగ్, హోల్‌ష్టైన్ ప్రాంతాలను పోగొట్టుకొన్నది. ఊరూర తుపాకి గురి నేర్పే సంఘాలు, వాటిని అంటిపెట్టుకొని వ్యాయామ సంఘాలు ఆ తరంలోనే బలపడినాయి. వ్యాయామం ఆ దేశానికి క్రొత్త కూడా కాదు. ఫ్రాన్జ్ నాఖ్తెగాల్ అనే ఆయన 1799 లోనే కోపెన్‌హేగన్‌లో వ్యాయామశాల తెరచినాడు. 1814 విద్యాశాసనంలో బాలుర పాఠశాలలకు వ్యాయామం పాఠ్యాంశమైనది. యూరపులో ఇంత ముందుగా ఆ పని చేసిన దేశం వేరొకటి లేదనే చెప్పవచ్చును. అయితే అది వరుసలో నిలబడి, ఆజ్ఞ వినబడగానే చేతులు చాపి, మరొక ఆజ్ఞకు ముడిచే వ్యాయామం. సైనికుల కవాతుకు చుట్టం.

నీల్సన్ యౌవనం ఆ వాతావరణంలో గడిచినది. ఆయన కత్తిసాము నేర్చినాడు, పిస్తోలు పేల్చడంలో గురి సంపాదించినాడు, చక్రం విసిరినాడు. 1896 ఏప్రిల్‌లో ఏథెన్సు నగరంలో ఆధునిక ఒలింపిక్ క్రీడలు మొదటిసారిగా జరిగినప్పుడు డెన్మార్కు నుండి వెళ్ళినవారు ముగ్గురే. అందులో నీల్సన్ ఒకడు. అప్పటికి ఆయనకు ఇరువదితొమ్మిదేండ్లు.

ఆ క్రీడలను నేటి ఒలింపిక్సు కొలతతో ఊహించుకోరాదు. ఒకే మనిషి మూడు నాలుగు పోటీలకు పేరు ఇచ్చేవాడు. నీల్సన్ పిస్తోలు పోటీలలో నిలబడినాడు. చక్రం విసిరే పోటీలో దిగినాడు. సాబర్ అనే కత్తితో సాము చేసినాడు. ముప్పది మీటర్ల పిస్తోలు పోటీలో అమెరికావాడైన సమ్నర్ పెయిన్ 442 పాయింట్లతో గెలువగా, నీల్సన్ 285 పాయింట్లతో రెండవవాడైనాడు. ఇరువదియైదు మీటర్ల వేగపు పిస్తోలులో మూడవ స్థానం. కత్తిసాములోను మూడవ స్థానమే. ఆ కత్తిసాము పోటీలో ఒక చిత్రం జరిగింది. పోటీ కొంత నడచిన తరువాత గ్రీసు రాజకుటుంబం విచ్చేసింది. వారు చూడనివి లెక్కకు రావన్నట్లు అప్పటివరకు జరిగినవాటిని రద్దుచేసి మొదటినుండి మళ్ళీ ఆడించినారు. ఆ రాజు, మొదటి జార్జి, పుట్టుకచేత డెన్మార్కు రాజకుమారుడు. నీల్సన్ పుట్టిన నగరంలోనే పుట్టినవాడు. దానివల్ల నీల్సన్‌కు లాభమేమీ కలుగలేదు. మరొక సంగతి: ఆ క్రీడలలో మొదటివానికి వెండి పతకం, రెండవవానికి కంచు పతకం ఇచ్చినారు, మూడవవానికి ఏమీ ఇవ్వలేదు. ఇప్పటి పట్టికలలో నీల్సన్ పేరిట కనబడే ఒక రజతం, రెండు కాంస్యాలు తరువాతి చరిత్రకారులు లెక్కకట్టి కూర్చినవి.

ఏథెన్సు నుండి తిరిగి వచ్చినవాడు పతకాల కథలు చెప్పుకొంటూ కాలం గడిపి ఉండవచ్చును. నీల్సన్ బడికి వెళ్ళినాడు. కోపెన్‌హేగన్‌కు ఉత్తరంగా ఓర్‌డ్రుప్ అనే చోట ఒక లాటిన్ పాఠశాల ఉండేది. అక్కడ ఆయన వ్యాయామం నేర్పేవాడు. అప్పటికి ఇంగ్లండు నుండి వచ్చిన ఫుట్‌బాల్ డెన్మార్కు బాలురను పూర్తిగా పట్టుకొన్నది. 1889 లోనే ఆ దేశంలో ఫుట్‌బాల్ సమాఖ్య ఏర్పడింది. విరామం గంట కొట్టగానే పిల్లలు ఆవరణలో బంతి తన్నేవారు. ఆవరణ ఇరుకు; చుట్టూ గాజు కిటికీలు. అద్దాలు పగిలి పగిలి, చివరకు ఆవరణలో ఫుట్‌బాల్ ఆడరాదని నిషేధించినారని, అందువల్లనే నీల్సన్ బంతిని కాలినుండి చేతికి మార్చినాడని ఆ దేశంలో తరతరాలుగా చెప్పుకొంటారు. ఇది 1898 నాటి మాట.

ఈ కథలో అద్దాల సంఖ్య ఎంతో ఎవరూ లెక్క వ్రాసిపెట్టలేదు గాని, బడిలో పనిచేసిన వారెవరికైనా ఇది నమ్మదగిన కథే. నిషేధించడం సులభం. నోటీసు బోర్డుమీద కాగితం అంటించితే చాలు. ఆ కాగితం క్రింద నిలబడిన నలుబది మంది పిల్లలను ఏమి చేయాలన్నది డ్రిల్లు మాస్టరు ముందున్న ప్రశ్న. చాలామంది ఆ ప్రశ్నను మళ్ళీ వరుసలలో నిలబెట్టి పరిష్కరిస్తారు. నీల్సన్ పిల్లలకు బంతి తిరిగి ఇచ్చినాడు. తన్నితే బంతి ఎటు పోతుందో తన్నినవానికే తెలియదు, విసరితే తెలుస్తుంది. చేతితో విసరిన బంతి చిన్న స్థలంలో ఇమిడిపోతుంది. చేతినుండి చేతికి అందించుకొంటూ పోయి గోలులో వేయడమనే సులభమైన సూత్రంతో ఆట కుదిరింది. దానికి పెట్టిన పేరు కూడ అంత సులభమైనదే. డేనిష్ భాషలో హోన్‌బోల్, చేతిబంతి.

అప్పుడప్పుడే స్వీడనులో లింగ్ మహాశయుని శిష్యులు తీర్చిన వ్యాయామ క్రమం డెన్మార్కులో వ్యాపించి, 1899 లో దానిని అనుసరించి ప్రభుత్వ గ్రంథమే వెలువడింది. ప్రతి కదలికకు ఒక కోణం, ఒక లెక్క. అటువంటి కాలంలో ఒక వ్యాయామోపాధ్యాయుడు, అందులోను సైనికుడు, తన ఆజ్ఞతో పనిలేకుండ పిల్లలు తామే పరుగెత్తి, తామే ఎవరికి బంతి ఇవ్వాలో నిశ్చయించుకొనే ఆటకు చోటిచ్చినాడన్నది గమనింపదగినది. పతకాలకన్న ఈ ఔదార్యమే ఆయన స్వభావాన్ని ఎక్కువగా తెలుపుతుందని నా అభిప్రాయం.

ఎనిమిదేండ్లు ఆ ఆటను పిల్లల చేత ఆడించి చూచిన తరువాత, 1906 లో, నీల్సన్ దాని నియమాలను చిన్న మార్గదర్శక గ్రంథంగా ప్రకటించినాడు. ఈ ఆటకు అచ్చుపడిన నియమాలలో అదే మొదటిదని సాధారణంగా అంగీకరిస్తారు. ఇట్లు పుస్తకంగా వేయడంలోనే అసలు విశేషం ఉన్నది. పిల్లలచేత చేతిబంతి ఆడించిన ఉపాధ్యాయుడు ఆ దేశంలో నీల్సన్ ఒక్కడే కాడు. న్యూబోర్ పట్టణంలో రాస్ముస్ నికోలాయ్ ఎర్న్‌స్ట్ అనే ఉపాధ్యాయుడు 1897 లోనే ఆడించినాడని అక్కడివారు గర్వంగా చెప్పుకొంటారు. చెకు దేశంలో హాజెనా అనే చేతిబంతి ఆట వేరుగా పుట్టి పెరిగింది. ఒక బడి గోడల మధ్య పుట్టిన ఆట ఆ మాస్టరు బదిలీ కాగానే మాయమవుతుంది. నియమాలు కాగితంమీదికి ఎక్కితే ముక్కుమొగం తెలియని మరొక మాస్టరు మరొక ఊళ్ళో దానిని ఆడించగలడు.

ఇక జర్మనుల మాట. వారు హాండ్‌బాల్ జన్మదినం 1917 అక్టోబరు 29 అంటారు. ఆనాడు బెర్లిన్‌లో మాక్స్ హైజర్ అనే ఆయన, అంతకుముందు తోర్‌బాల్ అని పిలిచిన ఆటకు హాండ్‌బాల్ అని పేరు పెట్టి నియమాలు ఏర్పరచినాడు. యుద్ధకాలంలో నగరంలో మిగిలిన స్త్రీలకోసం ఉద్దేశించిన మెత్తని ఆట అది, ఒకరినొకరు త్రోయరాదు. రెండేండ్ల తరువాత కార్ల్ షెలెన్జ్ అనే మరొక వ్యాయామోపాధ్యాయుడు బంతిని చిన్నది చేసి, బంతితో మూడడుగులు వేయవచ్చునని, ప్రత్యర్థిని ఒడ్డవచ్చునని మార్చి, ఆటను పురుషుల పోటీగా తీర్చినాడు. ఫుట్‌బాల్ మైదానంలో, జట్టుకు పదకొండు మందితో ఆడే ఈ ఆట మధ్య యూరపంతా వ్యాపించింది. 1936 లో బెర్లిన్ ఒలింపిక్సులో వర్షంలో, సుమారు లక్షమంది ఎదుట, జర్మనీ ఆస్ట్రియాను 10-6 తో ఓడించి స్వర్ణం గెలిచింది. ఈ ఘనత చూచినవారికి ఓర్‌డ్రుప్ బడి ఆవరణ గుర్తుకు రావడానికి అవకాశం లేదు.

అయితే ఆటకు మైదానాలు మాత్రమే కాక శీతాకాలం కూడ ఉన్నది. మంచు కురిసే ఉత్తర దేశాలలో డిసెంబరులో పెద్ద మైదానం పనికిరాదు. అందువల్ల డెన్మార్కు, స్వీడన్ మొదలైన చోట్ల ఆటను వ్యాయామశాలల కప్పు క్రిందికి తెచ్చినారు. జట్టుకు పదకొండుగురు ఏడుగురైనారు. మరల ఇరుకు చోటు, మరల గోడలు. పెద్ద మైదానపు ఆటకు, చిన్న గది ఆటకు నలుబదేండ్లపాటు పోటీ నడిచింది. పెద్ద ఆటకు చివరి ప్రపంచ పోటీ 1966 లో జరిగింది. 1972 లో మ్యూనిక్ ఒలింపిక్సులో హాండ్‌బాల్ తిరిగి ప్రవేశించినప్పుడు అది ఏడుగురు గది లోపల ఆడే ఆటగానే ప్రవేశించింది. నలుబది మీటర్ల పొడవు, ఇరువది మీటర్ల వెడల్పు: చివరకు నిలిచిన కొలత అది. పితృత్వం ఎవరిదో తేల్చడం నా పని కాదు. కాని చిన్న చోటులో పిల్లలకు ఆట ఎట్లాగన్న ప్రశ్ననుండి పుట్టిన ఆట మళ్ళీ చిన్న చోటుకే వచ్చి స్థిరపడిందన్నది మాత్రం కాదనలేని విషయం.

నీల్సన్ సైన్యంలో లెఫ్టినెంట్ కర్నల్ స్థాయికి ఎదిగినాడు. సాధారణంగా మనుషులు పాత జ్ఞాపకాలు వ్రాసుకొనే వయస్సులో, అరువదియైదు దాటిన తరువాత, 1932 లో, ఆయన ఊపిరి పోసే క్రొత్త పద్ధతిని లోకం ముందుంచినాడు.

నీటిలో మునిగినవారిని, విషవాయువు పీల్చినవారిని, విద్యుద్ఘాతం తగిలినవారిని బ్రతికించడానికి అప్పటికి ముఖ్యంగా రెండు పద్ధతులు వాడుకలో ఉండేవి. లండన్ వైద్యుడు సిల్వెస్టర్ 1858 లో చెప్పిన పద్ధతిలో రోగిని వెల్లకిల పరుండబెట్టి, చేతులు తలపైకి లాగి, మరల ఛాతీమీదికి తెచ్చి నొక్కుతారు. ఛాతీ చక్కగా విచ్చుకొంటుంది. కాని స్మారకం లేనివాని నాలుక వెనుకకు జారి గొంతుకు అడ్డుపడుతుంది. ఎడింబరో ఆచార్యుడు షేఫర్ 1903 లో ప్రకటించిన పద్ధతిలో బోర్లా పరుండబెట్టి నడుముపై నొక్కుతారు. నాలుక ముందుకు వస్తుంది, మ్రింగిన నీరు జారిపోతుంది. కాని నొక్కినప్పుడు గాలి బయటకు పోవడమే గాని, లోపలికి రావడం శరీరపు బిగువుమీద ఆధారపడి ఉంటుంది. ప్రాణం పోబోయే శరీరంలో ఆ బిగువు ఏది?

నీల్సన్ చేసినది ఈ రెండింటి మంచిని కలపడం. మనిషిని షేఫర్ చెప్పినట్లే బోర్లా ఉంచినాడు. నొక్కడం నడుముపై గాక వీపు పైభాగాన. ఆ వెంటనే సిల్వెస్టర్ వలె చేతులు ఎత్తడం. దానితో ఛాతీ విచ్చుకొని గాలి లోపలికి వస్తుంది. నిమిషానికి ఇంచుమించు పన్నెండు పర్యాయాలు. నొక్కడం, వదలడం, ఎత్తడం, దించడం. ఒకటి రెండు మూడు నాలుగు అని లెక్కపెట్టి చేయదగిన పని. డ్రిల్లు మాస్టరు చేతి ముద్ర అందులో స్పష్టంగా కనబడుతుంది. మందు లేదు, యంత్రం లేదు. పాఠశాల విద్యార్థి కూడ ఒక మధ్యాహ్నంలో నేర్చుకొనగలడు.

ఉత్తర యూరపు దేశాలు దీనిని త్వరగా గ్రహించినాయి. ఇంగ్లండు, అమెరికాలు ఇరువదేండ్లు షేఫర్‌నే పట్టుకొని వ్రేలాడినాయి. యుద్ధానంతరం పరిశోధకులు ఒక్కొక్క పద్ధతిలో ఎంత గాలి ఆడుతున్నదో కొలిచి చూడగా, నీల్సన్ పద్ధతి షేఫర్ పద్ధతికన్న దాదాపు రెట్టింపు గాలిని కదలించుతున్నదని తేలింది. 1951-52 ప్రాంతంలో ఆ రెండు దేశాల ప్రథమ చికిత్స సంస్థలు దానిని స్వీకరించినాయి. వాటి వెంట మన దేశపు తరగతులకు, పటాలకు అది వచ్చింది. ఎనుబదియైదేండ్ల వృద్ధునికి తన జీవితంలోనే తన పేరు లోకం నలుమూలలా పలుకబడటం చూచే భాగ్యం కలిగినదన్నమాట.

ఆట పేరిట అటువంటి భాగ్యం కలుగలేదు. 1946 జూలైలో ఎనిమిది దేశాల ప్రతినిధులు చేరి అంతర్జాతీయ హాండ్‌బాల్ సమాఖ్యను స్థాపించినది కోపెన్‌హేగన్‌లోనే. ఓర్‌డ్రుప్ అక్కడికి కొద్ది దూరమే. ఆనాటికి నీల్సన్‌కు డెబ్బదితొమ్మిదేండ్లు. 1955 జనవరి 26న ఆయన ఆ పరిసరాలలోనే, హెల్లెరుప్‌లో, కన్నుమూసినాడు. షెలెన్జ్ మరుసటి ఏడు పోయినాడు.

ఆయన మరణించి ఐదేండ్లు గడువకముందే ఆ పద్ధతికి కాలం చెల్లింది. 1950 ల చివర అమెరికాలో జేమ్స్ ఈలమ్, పీటర్ సాఫర్ అనే వైద్యులు నోటితో నోటిలోనికి ఊదే పద్ధతి ఇంకెంతో మేలైనదని పరీక్షలతో నిరూపించినారు. స్మారకం లేనివాని గొంతు దారి తెరచి ఉంచడమే మొదటి పని అని, బోర్లా ఉంచినంతమాత్రాన అది తెరచుకోదని వారు చూపినారు. 1960 లో ఛాతీ మధ్య నొక్కి గుండెను ఆడించే పద్ధతి వెలువడి దానితో జతకలిసింది. నేడు బడులలో నేర్పవలసినది ఆ క్రొత్త పద్ధతినే. ఎక్కడైన పాత పటం గోడమీద మిగిలి ఉంటే దానిని చూచి చికిత్స చేయబోవడం ప్రమాదమని ఉపాధ్యాయులు పిల్లలకు స్పష్టంగా చెప్పాలి.

ఇటు ఆట సంగతి చూడండి. డెన్మార్కులో 1935 లో హాండ్‌బాల్ సమాఖ్య ఏర్పడి, మరుసటి ఏటినుండి జాతీయ విజేతను నిర్ణయించే పోటీలు సాగుతున్నాయి. నేటి డెన్మార్కు ప్రథమ శ్రేణి లీగు ఆ పరంపరకు వారసురాలు. దాని విశేషం రాజధాని నగరపు సంపదలో లేదు. చిన్న ఊళ్ళలో ఉన్నది. పురుషులలో అత్యధికంగా పదునాలుగు పర్యాయాలు విజేత అయిన క్లబ్బు కోల్డింగ్ అనే ఓ మోస్తరు పట్టణానిది. గుద్మే, ఊరె, గుద్‌బ్యెర్ అనే మూడు పల్లెల పేర్ల మొదటి అక్షరాలు కలిపి పేరు పెట్టుకొన్న జి.ఓ.జి. జట్టు 2022, 2023 లలో దేశ విజేత. ఆల్‌బోర్ జట్టు 2021 లోను, 2024 లోను యూరపు విజేతల పోటీలో చివరి ఆట వరకు వెళ్ళి రెండు సార్లు బార్సిలోనా చేతిలో ఓడింది. రెండవసారి ఒక్క గోలు తేడా. సుమారు అరువది లక్షల జనాభా గల ఈ దేశపు స్త్రీలు 1996, 2000, 2004 ఒలింపిక్సులలో వరుసగా స్వర్ణం గెలిచినారు. పురుషులు 2016 లో గెలిచి, 2024 లో పారిస్ ఒలింపిక్సులో జర్మనీని 39-26 తో ఓడించి మళ్ళీ గెలిచినారు. 2019 నుండి 2025 వరకు నాలుగు ప్రపంచ విజయాలు కూడ వారివే. ఇవన్నీ ఒక బడి ఆవరణ పుణ్యమని చెప్పితే అతిశయోక్తి అవుతుంది. కాని బడులలో డ్రిల్లు మాస్టర్లు, పల్లెలలో వ్యాయామశాలలు తరతరాలుగా పిల్లల చేతికి బంతి ఇస్తూ రాకపోతే ఆ లీగుకు ఆటగాండ్రు ఎక్కడినుండి వస్తారు?

మన దేశంలో హాండ్‌బాల్ సమాఖ్య 1972 లో ఏర్పడింది. పాఠశాలల క్రీడలలో ఈ ఆట చేరి చాలకాలమైనది. 2023 జూన్‌లో జయపురంలో మొదటిసారిగా ప్రీమియర్ హాండ్‌బాల్ లీగు జరిగింది. ఆరు జట్లలో ఒకటి తెలుగు టాలన్స్. విజయం మహారాష్ట్ర జట్టును వరించింది. మన జిల్లా పరిషత్తు బడులలో ఆటస్థలం లేదని చెప్పే చోట్ల కూడ నలుబది మీటర్లకు ఇరువది మీటర్ల నేల దొరకడం అంత అరుదు కాదు. సున్నంతో గీతలు గీసి, రెండు ప్రక్కల గోలుకు కర్రలు పాతి, పిల్లలను ఏడుగురేసి జట్లుగా నిలబెడితే ఆట మొదలవుతుంది. కిటికీలకు దూరంగా గీయించండి. గోలుమీదికి గట్టిగా విసరిన బంతి వేగం నీల్సన్ నాటి పిల్లలు ఎరిగినది కాదు.